ప్రాణహిత ఒడ్డున మెడ సాగిన దారి

రాతి పొరల కథలు – 6వ భాగం

కాళేశ్వరం వెళ్లినవాళ్లు ముందు సంగమం దగ్గరికే నడుస్తారు. ఉత్తరాన్నుంచి ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. అక్కడ మూడో నది కూడా ఉందని, సరస్వతి అంతర్వాహినిగా పారుతోందని మన పెద్దలు చెబుతారు. కంటికి కనిపించని ఆ ధారకు కూడా కలిపి దండం పెట్టుకుని ఒడ్డెక్కుతాం. అవతలి ఒడ్డున, మహారాష్ట్రలో, సిరొంచ ఉంటుంది. ఆ ఊళ్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఈ రెండు ఒడ్ల నేల కింద నిజంగానే ఒక అంతర్వాహిని ఉంది. అందులో నీళ్లకు బదులు కాలం పారుతోంది. ఈ వారం మనం దిగేది అందులోకి.

గత భాగంలో సింగరేణి బొగ్గు పొరల దగ్గర ఆగాం. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన భారత భూవిజ్ఞాన సర్వే అధికారి విలియం కింగ్ మీకు గుర్తుండే ఉంటాడు. బొగ్గు దొరికింది కదా అని ఆయన అక్కడితో ఊరుకోలేదు. ప్రాణహిత, గోదావరి లోయ పొడవునా తిరిగి, ఏ రాయి మీద ఏ రాయి పరుచుకుందో వివరంగా రాసి 1881లో గ్రంథంగా తెచ్చాడు. 25 కోట్ల ఏళ్లు దాటిన బొగ్గు అడుగున ఉంది. దానిపైన ఇసుకరాయి, ఎర్రమన్ను, మళ్లీ ఇసుకరాయి, సున్నపురాయి. ఆ పై పొరల్లో మూడింటికి భూవిజ్ఞానులు వాడే పేర్లు వినండి: మాలేరి, ధర్మారం, కోట. మూడూ ఈ లోయలోని ఊళ్ల పేర్లే. అడుగున మాలేరి, నడుమ ధర్మారం, పైన కోట. మాలేరి పొర మొదలైంది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. కోట పొరలో మనం చూడబోయే ఎముకలు సుమారు 18 కోట్ల ఏళ్ల నాటివి.

ఈ 5 కోట్ల ఏళ్లలో భూమ్మీద ఒక మహా వింత జరిగింది. మొదట్లో మేకను మించని జంతువులున్న ఒక వంశం, ఏనుగుల్ని మించిన జంతువుల వంశంగా ఎదిగింది. మెడ సాగింది, తోక సాగింది, రెండు కాళ్ల నడక నాలుగు కాళ్ల నడక అయింది. ఆ ఎదుగుదలలోని మెట్లు కొన్ని ఈ ఒక్క లోయలో, పక్కపక్క తాలూకాల్లోని పల్లెల నేలలో బయటపడ్డాయి. పాఠ్యపుస్తకాల్లో అమెరికా పేర్లు, చైనా పేర్లు చదివి అబ్బురపడే మనం, నంబాల, జక్లపల్లి, యామన్‌పల్లి అనే పేర్లు కూడా అదే వరుసలో ఉన్నాయని తెలుసుకోవాలి. అందుకే ఈ భాగం.

ఏతం మాను, దోటి కర్ర

డైనోసార్ బొమ్మ గీయమంటే చాలామంది పిల్లలు ముందు ఒక పొడుగాటి మెడ గీస్తారు. మన భాషలో వీటికి రాక్షసబల్లి అనే మాట స్థిరపడింది. పొడుగు మెడ జంతువు విషయంలో ఆ మాటలోని రెండు ముక్కలూ సరిపోవు. అది ఆకులు మేసిన సాధు జంతువు. బల్లి జాతిదీ కాదు. దానికి దగ్గరి చుట్టాలు ఇవాళ మన పెరట్లో తిరిగే కోళ్లు, చెట్టు మీది కాకులు. 1878లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఓత్నియల్ మార్ష్ ఈ వంశానికి సారోపాడ్ అని పేరు పెట్టాడు. బల్లి పాదం అని దాని అర్థం. చూసినవాళ్ల కన్ను మెడ మీద ఉంటే, పేరు పెట్టినాయన కన్ను పాదం మీద పడింది.

ఇంత మెడ ఎందుకు? మామిడి కాయలు కోసే మనిషిని చూస్తే సగం జవాబు దొరుకుతుంది. చేతిలో దోటి ఉంటే చెట్టు కింద ఒక్కచోట నిలబడి చుట్టూ కొమ్మలన్నీ దులిపేయొచ్చు. దోటి లేనివాడు చెట్టెక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. టన్నుల బరువున్న జంతువుకు ప్రతి అడుగూ ఖర్చే. మెడ పొడుగైతే ఒళ్లు కదపకుండా పైకీ కిందికీ పక్కలకీ తల తిప్పి మేత అందుకోవచ్చు. సారోపాడ్‌కు మెడే దోటి.

రెండో సగం జవాబు తలలో ఉంది. ఆవు నెమరేస్తుంది, ఏనుగు నమిలి మింగుతుంది. నమలాలంటే బలమైన దవడలు, అరిగినా పనికొచ్చే దంతాలు, వాటిని ఆడించే దిట్టమైన కండలు ఉండాలి. తల బరువెక్కుతుంది. అంత తలను పొడుగు మెడ కొసన పెట్టడం ఏతం మాను చివర బండరాయి కట్టడమే. సారోపాడ్ నమలడం మానేసింది. ఆకును దూసి, తెంపి, మింగింది. అరిగించే పనంతా కడుపుకు అప్పగించింది. అందుకే అంత ఒంటికి అంత చిన్న తల. ఏతాన్నే ఇంకొంచెం తలచుకోండి: మధ్యలో నిలువు స్తంభం, ఒకవైపు పొడుగు మాను, రెండోవైపు సరితూకం. సారోపాడ్‌లో కాళ్లు ఆ స్తంభాలు, మెడ ముందుకు సాగిన మాను, తోక వెనక సరితూకం.

మూడో సంగతి ఊపిరి. జిరాఫీ మెడలో ఏడే పూసలు, మన మెడలో కూడా ఏడే. సారోపాడ్‌ల మెడలో పది నుంచి, కొన్నింటిలో పందొమ్మిది దాకా ఉండేవి. చైనాలో దొరికిన మామెంచిసారస్ అనే జంతువు మెడ 15 మీటర్లు ఉండొచ్చని 2023లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. నాలుగంతస్తుల మేడ ఎత్తు. అంత పొడుగు గొట్టంలో గాలి ఆడాలంటే మన ఊపిరితిత్తులు చాలవు. పక్షులకు ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులుంటాయి. అవి ఎముకల్లోకి కూడా చొరబడి వాటిని బోలుగా చేస్తాయి. సారోపాడ్‌ల వెన్నుపూసల మీద అలాంటి సంచుల గుర్తులే గుంటలుగా కనిపిస్తాయి. వెదురు బొంగు లోపల ఖాళీగా ఉండీ ఎంత బరువు మోస్తుందో ప్రాణహిత అడవుల మనుషులకు చెప్పనక్కరలేదు. సారోపాడ్ మెడ కట్టుబడి అలాంటిది.

ఒకప్పుడు పండితులు ఇంత బరువు నేల మీద నిలవదనుకున్నారు. ఇవి చెరువుల్లో మునిగి, తల మాత్రం పైకి పెట్టి బతికేవని బొమ్మలు వేశారు. 1951లో కెన్నెత్ కెర్మాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న ప్రశ్న వేశాడు: అంత లోతున నీటి ఒత్తిడి ఛాతీని నొక్కుతుంటే జంతువు గాలి ఎలా పీలుస్తుంది? ఆ ప్రశ్నతో చెరువు బొమ్మలు క్రమంగా వెలిసిపోయాయి. సారోపాడ్ గట్టు మీదికి వచ్చింది.

కోట ఊరి చేపలు

సిరొంచ దగ్గరే ప్రాణహిత ఎడమ ఒడ్డున కోట అని ఒక ఊరుంది. అక్కడి సున్నపురాయి పలకల్లో చేపలు అచ్చు గుద్దినట్టు దొరుకుతాయని 19వ శతాబ్దం మధ్య నాటికే బ్రిటిష్ అధికారులకు తెలుసు. 1851లో ఫిలిప్ ఎగర్టన్ లండన్‌లో వాటిలో ఒక చేపను వర్ణించి, మన దక్కను పేరుతో డెక్కనెన్సిస్ అని నామకరణం చేశాడు. మెరిసే పొలుసుల చేపలవి. నాగపూర్‌లో ఉన్న క్రైస్తవ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఈ లోయ రాళ్ల వెంట ఓపికగా తిరిగాడు. మాలేరి పొరల్లోంచి వచ్చిన ఒక మొసలిలాంటి ప్రాణికి ఆయన పేరు మీదే పారాసుకస్ హిస్లాపి అని పేరుంది.

చేపలు తేలాయి, మొసళ్ల చుట్టాలు తేలాయి. పెద్ద జంతువు మాత్రం మరో వందేళ్లు ఆ మట్టిలోనే పడుకుని ఉంది.

గణాంకాల సంస్థకు ఎముకలతో పనేమిటి?

దాన్ని లేపింది కలకత్తాలోని భారత గణాంక సంస్థ, ఐఎస్ఐ. లెక్కల సంస్థ రాళ్లు తవ్వడమేమిటని ఎవరైనా అడుగుతారు. జవాబు ప్రశాంతచంద్ర మహలనోబిస్. లెక్క అనేది ఏ శాస్త్రంతోనైనా కలిసి నడిస్తేనే బతుకుతుందని నమ్మిన మనిషి ఆయన. నెలల తరబడి దేశమంతా తిరిగి పంటల దిగుబడి అంచనా వేసే పద్ధతులు కనిపెట్టిన సంస్థలోనే జీవశాస్త్రానికి, భూశాస్త్రానికి చోటిచ్చాడు. 1957లో జీవశాస్త్ర దిగ్గజం జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి వచ్చి అక్కడ చేరాడు. ఆ రోజుల్లోనే మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా లాంప్లూ రాబిన్సన్ వచ్చింది. పురాతన సరీసృపాలు ఆమె చదువు. సంస్థలో భూవిజ్ఞాన విభాగానికి పునాది వేసిందీ, కుర్రవాళ్లకు రాయిని చదవడం నేర్పిందీ ఆమే. ఎక్కడ వెతకాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కింగ్, హిస్లాప్ తిరిగిన ఈ లోయే వాళ్లకు దారి అయింది.

1958లో ప్రాణహిత లోయలో తొలి ఎముకలు కనిపించాయి. 1960, 61ల్లో తవ్వకం జోరందుకుంది. చోటు సిరొంచ తాలూకాలోని పోచంపల్లి. పోచంపల్లి అనగానే మనకు ఇక్కత్ చీరలు గుర్తొస్తాయి. అది నల్గొండ దిక్కు ఊరు. ఇది ప్రాణహిత ఒడ్డు పోచంపల్లి. పోచమ్మ తల్లి పేరున వెలసిన ఊళ్లు మనకు ఎన్ని లేవు!

330 గజాల్లో ఆరు జంతువులు

ఆ తవ్వకం స్థలం వైశాల్యం 276 చదరపు మీటర్లు. మన లెక్కలో 330 గజాలు, ఊళ్లో ఒక మోస్తరు ఇంటి జాగా. అందులోంచి సుమారు 300 ఎముకలు వచ్చాయి. వాటి నడుమ రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మానులు కూడా పడి ఉన్నాయి. జంతువుల కళేబరాలు, పెకలించుకుపోయిన చెట్లు ఒకే కుప్పగా చేరడం చూసి, ఒక పెద్ద వరద వాటిని మోసుకొచ్చి ఇక్కడ దించిందని శాస్త్రజ్ఞులు అర్థం చేసుకున్నారు. గోదావరి వరదలు చూసినవాళ్లకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. వంతెన స్తంభాలకు మోడులు, కొమ్మలు, కొట్టుకొచ్చిన పశువులు చిక్కుకుని ఆగిపోవడం మనం చూస్తూనే ఉంటాం. 18 కోట్ల ఏళ్ల కిందటి నది కూడా ఆ పనే చేసింది.

ఇలాంటి ఎముకను పైకి తీయడం ఎంత ఓపిక పనో దగ్గర్నుంచి చూడాలి. పైమన్ను గునపంతో, పారతో తీస్తారు. ఎముక అంచు కనపడగానే గునపం పక్కన పెట్టేస్తారు. అక్కణ్నుంచి చిన్న ఉలి, సూది, కుంచె. కోట్ల ఏళ్లు మట్టిలో ఉన్న ఎముక చూడ్డానికి రాయే అయినా గాలి, ఎండ తగిలితే పెళుసెక్కి పెచ్చులూడుతుంది. అందుకని పలచటి జిగురు పోసి తాపుతారు. మీద తడి కాగితం పరుస్తారు. గోనె సంచులను పేలికలుగా చింపి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు చుట్టూ చుడతారు. పైభాగం గట్టిపడ్డాక కింది మన్ను తొలిచి, ఊపిరి బిగపట్టి దాన్ని తిరగేసి, అడుగు వైపు కూడా కట్టు కడతారు. ఇద్దరు ముగ్గురు పడితే గాని కదలని తొడ ఎముక విషయంలో ఈ తిరగేసే క్షణం గండమే. ఒక్క చెయ్యి జారితే 18 కోట్ల ఏళ్లు నిలిచింది ముక్కలైపోతుంది.

చెల్లాచెదురుగా పడిన ఎముకల్లోంచి ఎన్ని జంతువులున్నాయో ఎలా లెక్కపెడతారు? ఇక్కడే లెక్కల సంస్థ పేరు సార్థకమైందనిపిస్తుంది. పక్కటెముకలు లెక్కపెడితే లాభం లేదు, అవి ఒక్కో జంతువుకు బోలెడు. ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. ఎడమవి ఎన్నో, కుడివి ఎన్నో వేరు చేసి చూసుకుంటే, ఏ వైపువి ఎక్కువ దొరికాయో జంతువులు కనీసం అన్ని ఉన్నట్టు. అలా పోచంపల్లి కుప్పలో కనీసం ఆరు జంతువులు తేలాయి. పుర్రె మాత్రం దొరకలేదు. కొన్ని పళ్లు దొరికాయి. చెంచా ఆకారంలో, అంచున గరుకు నొక్కులున్న ఆ పళ్లు ఆకు దూయడానికి పనికొచ్చేవి. సారోపాడ్‌లకు తల పోగొట్టుకోవడం మామూలే. సన్నని ఎముకలు కూర్చిన చిన్న తల, శవం కుళ్లగానే మెడ నుంచి ముందుగా వేరుపడి నీళ్లలో కొట్టుకుపోతుంది.

1975లో సోహన్‌లాల్ జైన్, టి.ఎస్. కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ ఛటర్జీ కలిసి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ జంతువును లోకానికి పరిచయం చేశారు. పేరు బరపాసారస్ టాగోరీ. బెంగాలీలో బర అంటే పెద్ద, పా అంటే కాలు. పెద్ద కాలి జంతువు. టాగోరీ అన్నది రవీంద్రనాథ్ టాగోర్ గౌరవార్థం. ఎముకలు ఎక్కువగా బయటపడిన 1961 ఆయన శతజయంతి సంవత్సరం. మహలనోబిస్ ఆయనకు ఎంతో ఆత్మీయుడు, విశ్వభారతి నిర్వహణలో చెయ్యి వేసినవాడు కూడా. గ్రీకు, లాటిన్ మాటలే చలామణి అయ్యే శాస్త్ర నామాల లోకంలో ఒక దేశభాష మాట, ఒక కవి పేరు పక్కపక్కన నిలబడటం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

బరపాసారస్ పొడవు సుమారు 14 మీటర్లు. మన ఆర్టీసీ బస్సు కన్నా పొడుగు. అంత పాత సారోపాడ్‌లలో పుర్రె తప్ప మిగతా ఒళ్లంతా ఇంత బాగా దొరికినవి ప్రపంచంలో అరుదు. కలకత్తాలో ఐఎస్ఐ భూవిజ్ఞాన ప్రదర్శనశాలలో దాని అస్థిపంజరం నిలబడి ఉంది.

నౌబత్ పహాడ్ మీద ఒక మనవడి ప్రశ్న

పోచంపల్లికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, యామన్‌పల్లి ఉంది. 1970ల చివర్లో భారత భూవిజ్ఞాన సర్వే వాళ్లు అక్కడ తవ్వితే 24 గుంటలకు కాస్త తక్కువ జాగాలో 840 ఎముకలు బయటపడ్డాయి. కనీసం 12 జంతువులవి. ఇక్కడా పుర్రె లేదు. పి. యాదగిరి వాటిని ఏళ్ల తరబడి పరిశీలించి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. పొర పేరు కోట, ఊరి పేరు యామన్‌పల్లి, రెండూ ఆ పేరులో నిలిచిపోయాయి.

ఆ జంతువు అస్థిపంజరాన్ని చూడటానికి మనం కలకత్తా పోనక్కరలేదు. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. నేను వెళ్లినప్పుడల్లా ముందు వెన్నుపూసల దగ్గర ఆగుతాను. ఒక్కో పూస పక్క నుంచి చూస్తే డమరుకంలా ఉంటుంది: రెండు కొసలూ వెడల్పు, నడుము సన్నం. దాని మీద వెన్నుపాము పోయే కమాను, కమాను మీద నిట్టనిలువు ముల్లు. తలవైపు చూడగానే మాత్రం ఒక మాట గుర్తు చేసుకుంటాను: ఆ తల శాస్త్రజ్ఞుల అంచనాతో చేసిన నమూనా. అసలు తల ఇంకా ఏ వాగు ఒడ్డునో ఉంది, లేదా ఎప్పుడో కరిగి ఇసుకైపోయింది.

కిందటిసారి నా పక్కన ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని నిలబడింది. పిల్లవాడు తల వెనక్కి వాల్చి చూసి చూసి అడిగాడు.

“నాయనమ్మా, దీనిది ఏ ఊరు?”

ఆమె కళ్లజోడు సవరించుకుని బోర్డు చదివింది. “యామన్‌పల్లి అంట బిడ్డా. అదిలాబాద్ దిక్కు.”

“అంటే మన దిక్కుదేనా?”

“మన దిక్కుదే.”

డైనోసార్ల గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. ఎంత బరువు, ఎంత పొడవు, ఎన్ని కోట్ల ఏళ్లు అని అడిగినవాళ్లను చూశాను. ఏ ఊరు అని అడిగినవాణ్ని అదే మొదటిసారి చూడటం. కొత్త మనిషి ఇంటికొస్తే మనం ముందు అడిగే ప్రశ్న అది. ఈ భాగం రాయడానికి కూర్చోబెట్టింది ఆ పిల్లవాడే.

ఊళ్ల పేర్లే మెట్లు

ఇప్పుడు అడుగు నుంచి పైకి ఒక్కో మెట్టూ ఎక్కుదాం.

మాలేరి పొర పైభాగంలో రెండు జంతువులు దొరికాయి. 2011లో ఫెర్నాండో నోవాస్ అనే అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు, మన శాస్త్రజ్ఞులు కలిసి వాటికి నంబాలియా, జక్లపల్లిసారస్ అని పేర్లు పెట్టారు. నంబాల, జక్లపల్లి ఊళ్ల మీదుగా. ఇవి సారోపాడ్ వంశానికి ముత్తాతల వరస. ఒళ్లు సన్నం, ముందు కాళ్లు చిన్నవి, వెనక కాళ్ల మీద నడిచేవి. మెడ కాస్త పొడుగే గాని ఎవరూ తిరిగి చూసేంత కాదు.

పై మెట్టు ధర్మారం పొర. అందులోంచి వచ్చిన రెండు జంతువులకు 2007లో కుట్టి, ఛటర్జీ, మరిద్దరు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. ఒకటి లాంప్లూసారా ధర్మారమెన్సిస్. సుమారు 10 మీటర్ల పొడవు, దిట్టమైన ఒళ్లు, నాలుగు కాళ్ల నడక. లాంప్లూ అన్నది పమేలా రాబిన్సన్ మధ్యపేరు. ఆమె పేరు పక్కన మన ధర్మారం. రెండోది ప్రధానియా. ఐఎస్ఐ తవ్వకాల్లో ఏళ్ల తరబడి ఎముకలు వెతికి పట్టిన క్షేత్ర సహాయకుడు ధుయ్యా ప్రధాన్ పేరు అది. ఎండలో నడుము వంచి మన్ను జల్లించిన మనిషి పేరు, ప్రొఫెసర్ల పేర్లతో సమానంగా శాస్త్రంలో శాశ్వతమైంది. చరిత్ర రాసేవాళ్లు చాలాసార్లు మరిచిపోయే పనిని ఈ శాస్త్రజ్ఞులు గుర్తుంచుకుని చేశారు.

ఆ పైన కోట పొర. కోటాసారస్ నాలుగు కాళ్ల మీద నిలబడింది, సారోపాడ్ అనిపించుకుంది. అయినా పాత వాసన పోలేదు. కాళ్ల ఎముకలు ఇంకా సన్నం, తొడ ఎముకలో ముత్తాతల నాటి స్వల్ప వంపు మిగిలే ఉంది, వెన్నుపూసలు సాదాసీదావి. అదే పొరలోని బరపాసారస్ దగ్గరికి వచ్చేసరికి కాళ్లు మండపం స్తంభాల్లా నిటారయ్యాయి. వెన్నుపూసల పక్కల లోతు తక్కువ గుంటలు మొదలయ్యాయి, వాటి మీద బరువు మోసే సన్నని పట్టీలు తేలాయి. ఆ గుంటలే తర్వాతి కాలపు మహాకాయుల్లో తేనెపట్టు గదుల్లా లోతుగా విస్తరిస్తాయి. గాలి ఎముకలోకి అడుగు పెట్టిన తొలి జాడల్లో ఒకటి ఇక్కడ మన చేతికి అందుతోంది.

మొట్టమొదటి పొడుగు మెడ ఈ లోయలోనే సాగిందని నేను అనను. ఆఫ్రికాలో, చైనాలో, దక్షిణ అమెరికాలో కూడా ఆ కాలపు చుట్టాలున్నాయి. అప్పటికి మన నేల ఆఫ్రికాతో, మడగాస్కర్‌తో, అంటార్కిటికాతో, ఆస్ట్రేలియాతో అతుక్కుని ఉంది. జంతువులు ఏ సముద్రమూ దాటకుండా ఇక్కణ్నుంచి అక్కడికి నడిచి పోగలిగేవి. ఆ మహాఖండాన్ని ప్రపంచమంతా గోండ్వానా అని పిలుస్తుంది. ఈ అడవుల్లో బతికే గోండుల పేరది. ఒక్క లోయలో ముత్తాతల నుంచి మునిమనవళ్ల దాకా ఇన్ని తరాలు ఒకదాని మీద ఒకటి దొరకడం మాత్రం మహా అదృష్టం.

కోట నాటి నేల కూడా ఒక్కసారి చూసి వద్దాం. గడ్డి లేదు, పువ్వు లేదు. అవి పుట్టడానికి ఇంకా కోట్ల ఏళ్లు పడుతుంది. సూదాకుల చెట్లు, ఈతను పోలిన సైకాడ్లు, నేలంతా ఫెర్న్‌లు. మడుగుల్లో ఎగర్టన్ చూసిన మెరుపు పొలుసుల చేపలు. బరపాసారస్ కాళ్ల సందుల్లో ఎలుకంత ప్రాణులు తిరిగేవి. ఆ తొలి క్షీరదాల్లో ఒకదానికి 1981లో కోటాథీరియం హాల్డేనీ అని పేరు పెట్టారు, హాల్డేన్ జ్ఞాపకంగా. యాదగిరి వర్ణించిన మరో చిన్న ప్రాణికి ఇండోథీరియం ప్రాణహితాయ్ అని పేరు. వాటి పళ్లు గింజంత కూడా ఉండవు. మట్టిని నీళ్లలో జల్లించి, సూక్ష్మదర్శిని కింద ఏరాలి. అక్కడ నిలబడి ఎవరైనా జోస్యం చెప్పమంటే, భూమి ఈ పొడుగు మెడలదే అని చెప్పి ఉండేవాళ్లం. కాళ్ల కింద నక్కిన ఆ చిట్టెలుక లాంటివే మన వైపు వంశమని ఎవరికి తట్టేది?

వాన చేసే మేలు, కీడు

ప్రాణహిత లోయలో ఎముకలను బయటపెట్టేది వాన. ప్రతి వానాకాలం వాగులు ఒడ్లను కోస్తాయి, ఎర్రమన్ను కొట్టుకుపోతుంది, లోపలి ఎముక కొస తేలుతుంది. మళ్లీ వానాకాలం దాకా ఎవరి కంటా పడకపోతే, తేల్చిన ఆ వానే దాన్ని పెచ్చులు పెచ్చులుగా విడగొట్టి తీసుకుపోతుంది. ఆ నడుమ గడువు ఒక్క ఎండాకాలం. శాస్త్రజ్ఞులు వచ్చేది ఎప్పుడో. ఆ గట్ల మీద రోజూ తిరిగేది మేకల కాపరులు, కట్టెలకు పోయే ఆడవాళ్లు, బడి ఎగ్గొట్టి ఈతకు పోయే పిల్లలు. రాయి ఏదో, రాయైన ఎముక ఏదో వాళ్లకు తెలిస్తే ఈ లోయకు వేయి కళ్లు కాపలా ఉన్నట్టు. ఎముకను విరిస్తే లోపల సన్నని రంధ్రాల జల్లెడ కనిపిస్తుంది. మామూలు రాతిలో అది ఉండదు. ఇంతమాత్రం చెప్పడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. నంబాల బడిలో నంబాలియా బొమ్మ, ధర్మారం బడిలో లాంప్లూసారా బొమ్మ, యామన్‌పల్లి బడిలో కోటాసారస్ బొమ్మ గోడ మీద ఉండాలని నా కోరిక. తమ ఊరి పేరు ప్రపంచం నలుమూలలా చదువుకుంటున్నారని ఆ పిల్లలకు ముందు తెలియాలి.

ఈసారి కాళేశ్వరం వెళ్తే, సంగమంలో మునిగి లేచాక, ప్రాణహిత వచ్చే దిక్కుకు తిరిగి ఒక్క నిమిషం నిలబడండి. ఆ నీళ్లు కోస్తూ వచ్చిన ఒడ్లలో ఎక్కడో, పుర్రె లేని ఆ జంతువుల పుర్రె ఉండి ఉంటుందనే ఆశ నాకు పోదు. వచ్చే వానకు ఒడ్డు ఇంకొంచెం కోసుకుపోతుంది. మేకల్ని తోలుకుపోతూ ఒక పిల్లవాడు ఆగి, వంగి, దీనిది ఏ ఊరు అని అడుగుతాడు.

వచ్చే భాగంలో: కోట పొర తర్వాత సుమారు 11 కోట్ల ఏళ్లకు, దక్కను లావా పొంగే వేళ, సారోపాడ్‌ల చివరి తరం పెట్టిన గుడ్లు. 1828లో జబల్‌పూర్ దగ్గర ఎముకలు ఏరిన స్లీమన్ అనే సైనికాధికారి కథ కూడా అక్కడే.